కాయ గాని కాయ

బేతంచెర్ల దాటినాక
పాలీషు ఫ్యాక్టరీల వెనక, వంక గట్టున
ఎవురూ నాటని కానుగ చెట్లు పదకొండు.
ఉగాది పోతే నాకు అవే చేను.
రాలిన పోయినేటి కాయలు ఏరి, రాయి మీద కొట్టి,
పప్పు కిలో ఇరవై రెండుకు సావుకారికి పోస్తా.
బండల పిండి పడి ఆకులన్నీ తెల్లగుంటాయి,
మూతి తుడుచుకోని పిల్లోళ్ల మాదిరి.

ఈ యేడు కొత్త పూత గుత్తి వంచి చూస్తే
పువ్వు ఉండాల్సిన తావున గుండు.
పచ్చిది, గట్టిది, గోలీ కంటే చిన్నది.
ఒకటా రెండా, రెమ్మకు ఇరవై ముప్పై.
కానుగ కాయ గుండ్రంగా ఉండదని
మా మస్తానికి కూడా తెలుసు, దానికి ఆరేండ్లు.
"ఇది యా చెట్టు కాయ జేజీ?" అనె,
ఆ చెట్టు కిందనే నిలబడి.

బొటనగోరుతో చీల్చినా.
విత్తు లేదు.
నడుమ చిన్న అర. గోడలకు సున్నం కొట్టినట్టు తెల్లటి బూజు.
అందులో నూకంత పురుగు
కాళ్లు లేవు, కండ్లు లేవు,
అత్తగారింటికొచ్చిన కొత్తల్లుడి మాదిరి
పండుకోనుంది.

నర్సరీలో నీళ్లు పట్టే మద్దిలేటి చెప్పినాడు:
దోమలో సగం ఉండదంట ఆ తల్లి.
మొగ్గలో ఒక గుడ్డు పొడిచి పోతాదంట, అంతే.
తాపీ లేదు, గుండు నూలు లేదు, మేస్త్రీకి కూలి లేదు.
ఇంత ఎంగిలి తగిలిస్తే
చెట్టే కట్టుకుంటా పోతాది.
రేకు కావాల్సిన రసం గోడయితాది,
విత్తు కావాల్సిన బలం అన్నమయితాది.
"మరి చెట్టుకు తెలీదా?" అంటే
"దానికేం, కాయ కాస్తాండాననే అనుకుంటాదేమో"
అని పైపు భుజానేసుకొని పాయె.

నేను ఆ మాట కాడనే కూచుండిపోతి.
గంప సగం కూడా నిండల్యా ఆ దినం.

మా ఇంటాయన ఇరవయ్యారేండ్లు బండలు కోసినాడు.
కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ఫిలిమును ట్యూబులైటుకు ఎత్తిపట్టి
రొమ్ములో తెల్లటి గుండ్లు చూపించె.
"దుమ్ము లోపలికి పోతే ఒళ్లు ఊరికే ఉండదు,
దాని చుట్టూ గోడ కడతాది" అనె.
"ఎవురు కట్టిరమ్మా?"
"నువ్వే."
రాయిపని చేసినోడు గదా,
ఫిలిం దగ్గరికి వంగి చూసి
పని కుదురుగా వచ్చిందన్నట్టు తలకాయ ఊపినాడు.
నాకు నవ్వొచ్చె. బయటికొచ్చినాక ఏడుపొచ్చె.
ఇప్పుడు రాత్రిళ్లు ఆయన దగ్గుతాంటే నిద్ర పోతా,
దగ్గు ఆగితే మెలకువ వస్తాది.

పదైదు దినాలకు మళ్లా పోతిమి గట్టుకు.
గుండ్లు కొన్ని ఎండి గోధుమరంగు తిరిగినాయి,
ఒక్కోదానికి సూది బెజ్జం.
బెజ్జం కాడ పలచటి పొర,
వాకిట్లోనే చొక్కా విడిచేసి
ఎవురో పొద్దున్నే లేచి పోయినట్టు.
మస్తాని ఊదితే ఎగిరిపాయె.
దాని గోడకు దారుంది.
దుమ్ముకు రెక్కలు రావు.

కానుగను తిడదామని నోరొచ్చింది:
నీ పువ్వు నువ్వు కాపాడుకోలేవా అని.
మళ్లీ పైకి చూస్తే
అదే కొమ్మకు, గుండ్ల పక్కనే,
నిజం కాయలు నాలుగు,
పిల్లోళ్ల చెవుల మాదిరి బయటికి పొడుచుకోనుండాయి.
ఏమీ అనలా.

గుండ్లు కలిస్తే సావుకారు ధర తెగ్గొడతాడు,
ఏరి పక్కన పోసినా.
మస్తాని అందులో ఐదు తీసుకొని
అచ్చనగాయలకు కూచునె.
ఎగరేసే ముందర ఒక్కోదాన్ని
చెవి కాడ పెట్టుకొని
ఇంటాంది,
లోపల ఎవురన్నా ఉండారేమో అని.